కార్సన్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు

పోయిన నెల ఒక పాఠకుడికి జవాబిస్తూ అమెరికా లేట్ నైట్ టాక్ షోల గురించి నాలుగు మాటలు రాశాను. వాటి మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే. నాకు ప్రాణమైన విషయం కాబట్టి కొన్ని జవాబులు పొడుగైపోయాయి, ఓపిగ్గా చదవండి.

ఇన్నేళ్ల లేట్ నైట్ చరిత్రలో ఒక్కటంటే ఒక్క సన్నివేశం చూడాలంటే ఏది చూడమంటారు? రెండు మూడు చెప్పి తప్పించుకోవద్దు.
– ఒక డిగ్రీ విద్యార్థి

ఒక్కటే అంటే 1965 నాటి గొడ్డలి.

'టునైట్ షో'కి అప్పుడు జానీ కార్సన్ హోస్ట్. ఆ రోజు వచ్చిన గెస్ట్ ఎడ్ ఏమ్స్, గాయకుడు, నటుడు. 'డేనియల్ బూన్' అనే టీవీ సీరియల్లో మింగో అనే నేటివ్ అమెరికన్ పాత్ర వేస్తున్నాడు. ఆ పాత్ర కోసం టొమహాక్ అనే చిన్న చేతిగొడ్డలి విసరడం నేర్చుకున్నాడు కదా, అదెలాగో మాకూ చూపించమన్నారు. స్టేజీ మీద చెక్క పలక నిలబెట్టి దాని మీద ఒక కౌబాయ్ బొమ్మ గీశారు. ఏమ్స్ గురి చూసి విసిరాడు. గొడ్డలి గిరగిరా తిరుగుతూ వెళ్లి సరిగ్గా ఆ బొమ్మ రెండు కాళ్ల మధ్య దిగబడింది, పిడి పైకి లేచి నిలబడింది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు, ఆ తర్వాత హాలంతా నవ్వుతో దద్దరిల్లిపోయింది.

ఇంతవరకూ అది అనుకోకుండా జరిగిన ఒక తమాషా, అంతే. నాకు ముఖ్యమైంది దాని తర్వాతి క్షణం. ఏమ్స్ ఇబ్బందిపడి గొడ్డలి పీకేయడానికి ముందుకు కదిలాడు. కార్సన్ చప్పున అతని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి ఆపేశాడు. ఆపి, తనేమీ మాట్లాడలేదు. అక్కడే నిలబడి, మిగిలిన గొడ్డళ్లు తీసుకుని ఒకదానికొకటి రాసి పదును పెడుతున్నట్టు చేస్తూ నిలబడ్డాడు. నవ్వు ఎగసింది, తగ్గింది, మళ్లీ ఎగసింది. అది పూర్తిగా చల్లారబోతోందన్న అంచున, అప్పుడు, నువ్వు యూదుడివని నాకు తెలియనే తెలియదే అన్నాడు. (యూదుల ఇళ్లలో మగబిడ్డకు చేసే సున్తీ మీద జోక్ అది. ఏమ్స్ నిజంగానే యూదుడు.) దాంతో నవ్వు మళ్లీ మొదటికొచ్చింది. ఆ తర్వాత ఏమ్స్ గొడ్డలి ఇచ్చి నువ్వూ విసురుతావా అని అడిగితే, నువ్వు చేసినదానికంటే ఎక్కువ నేనేం దెబ్బ తీయగలను అన్నాడు కార్సన్.

ఎన్నిసార్లు చూసినా నా కళ్లు కార్సన్ చేతి మీదే ఉంటాయి. మామూలు హోస్ట్ అయితే ఆ క్షణంలో కంగారుపడి ఏదో ఒక జోక్ వేసేస్తాడు, లేదా బ్రేక్ తీసుకుంటాడు. గొడ్డలి పీకేస్తే బొమ్మ పోతుంది, బొమ్మ పోతే నవ్వు పోతుంది అని అరక్షణంలో గ్రహించి, ఇక తను చేయాల్సిందల్లా ఏమీ చేయకుండా ఉండడమే అని తెలుసుకున్నవాడు కార్సన్. లేట్ నైట్ గురించి నాకు తెలిసిందంతా ఆ ఒక్క క్లిప్ నేర్పిందే. హోస్ట్‌కి మాటలు రావడం మామూలే, మాట్లాడకుండా ఉండాల్సిన చోటు తెలియడమే అసలు సంగతి.

ఇవన్నీ ముందే రాసిపెట్టుకున్నవే కదా? గెస్ట్ ఏం చెప్పాలో, హోస్ట్ ఎక్కడ నవ్వాలో అన్నీ స్క్రిప్టే అని మా అన్నయ్య అంటాడు.
– ఒక పాఠకురాలు

మీ అన్నయ్య చెప్పింది సగం నిజం. షో మొదట్లో నిలబడి చెప్పే మోనోలాగ్ రైటర్లు రాసేదే, హోస్ట్ ఎదురుగా కార్డులు పట్టుకుంటారు, చూసి చెబుతాడు. గెస్ట్‌తో కూడా షోకి ముందే సిబ్బందిలో ఒకరు మాట్లాడతారు, దాన్ని ప్రీ ఇంటర్వ్యూ అంటారు. ఈమధ్య మీకేం జరిగింది, చెప్పుకోదగ్గ కథలేమైనా ఉన్నాయా అని అడిగి, బాగున్నవి నాలుగైదు ఏరి, ఏ ప్రశ్న అడిగితే ఏ కథ వస్తుందో హోస్ట్‌కి రాసి ఇస్తారు. 'మీరు ఈమధ్య ఎక్కడికో వెళ్లారటగా' అని హోస్ట్ అమాయకంగా అడిగాడంటే ఆ కథ అతనికి ముందే తెలుసన్నమాట. ఇంకో సంగతి, రాత్రి పదకొండున్నరకి వచ్చే షోని ఆ సాయంత్రమే రికార్డు చేసేస్తారు.

అయితే మనకి గుర్తుండిపోయేవన్నీ ఆ కాగితం పక్కకి పోయిన సందర్భాలే. గొడ్డలి ఎక్కడ దిగబడాలో ఏ రైటరూ రాయలేదు.

కాగితం ఉంది కాబట్టే జరిగిన మంచి కూడా ఒకటుంది. 1973 ఆగస్టు 1న యూరీ గెల్లర్ టునైట్ షోకి వచ్చాడు. మనసుతో స్పూన్లు వంచుతానని అప్పటికే పెద్ద పేరు. కార్సన్ చిన్నప్పటి నుంచి మ్యాజిక్ చేసినవాడు, మోసం ఎక్కడ జరగొచ్చో తెలిసినవాడు. అతని మనుషులు ముందుగానే జేమ్స్ రాండీ అనే మెజీషియన్‌ని సలహా అడిగారు. వస్తువులన్నీ మీవే పెట్టండి, షో మొదలయ్యేదాకా గెల్లర్‌ని గానీ అతని మనుషుల్ని గానీ వాటి దగ్గరికి రానివ్వకండి అన్నాడు రాండీ. అంతే. ట్రేలో స్పూన్లు, డబ్బాలు సిద్ధంగా ఉన్నాయి. గెల్లర్ వాటి మీద చేతులు ఆడించాడు, ఆగాడు, ఇవాళ నాకు శక్తి రావడం లేదన్నాడు, ఒత్తిడి పెడుతున్నారన్నాడు. అలా ఇరవై నిమిషాల పైన. కార్సన్ ఒక్క పరుషమైన మాట అనలేదు, వెక్కిరించలేదు, తొందరపెట్టలేదు. పక్కన కూర్చుని మర్యాదగా ఎదురుచూశాడు. టీవీలో ఏమీ జరగని ఇరవై నిమిషాలు ఎంత ఉత్కంఠగా ఉంటాయో అది చూస్తేనే తెలుస్తుంది. ఇంత జరిగినా గెల్లర్ పేరు తగ్గలేదు, ఇంకా పెరిగింది. అది నాకు ఇప్పటికీ బాధే.

హోస్ట్ షో మధ్యలో లేచి వెళ్లిపోయాడని ఎక్కడో చదివాను. నిజమా?
– బ్యాంకు ఉద్యోగి

నిజమే. కార్సన్ కంటే ముందు టునైట్ షో చేసిన జాక్ పార్. 1960 ఫిబ్రవరిలో అతను చెప్పిన ఒక జోక్‌ని, ఆ షో వేసే ఎన్‌బీసీ ఛానెల్ వాళ్లు ప్రసారానికి ముందు కత్తిరించేశారు. అందులో అంత బూతు కూడా ఏమీ లేదు. డబ్ల్యూ.సి. అనే రెండక్షరాలని ఒకావిడ మరుగుదొడ్డి అన్న అర్థంలో రాస్తే, ఉత్తరం అందుకున్నాయన ప్రార్థనా మందిరం అనుకుని జవాబిస్తాడు, అదీ కథ. తనకి మాట మాత్రం చెప్పకుండా తీసేసినందుకు పార్‌కి మండిపోయింది. మర్నాడు, ఫిబ్రవరి 11న, షో మొదట్లోనే జనానికి సంగతంతా చెప్పి, బతకడానికి ఇంతకంటే మంచి దారి ఏదో ఉండే ఉంటుంది అని లేచి వెళ్లిపోయాడు. మిగతా షో అనౌన్సర్ హ్యూ డౌన్స్ నడిపించాల్సొచ్చింది.

మార్చి 7న తిరిగొచ్చాడు. చప్పట్లు ఆగాక అన్న మొదటి మాట, 'నాకు అడ్డు తగలకముందు నేను చెబుతున్నదేమిటంటే...'. తర్వాత, మంచి దారి ఉంటుందన్నాను కదా, వెతికాను, లేదు అన్నాడు. తప్పు జరిగిందని తెలిసినప్పుడు లేచి వెళ్లడమూ ధైర్యమే, నెల తిరక్కముందే అదే స్టేజీ మీదికి వచ్చి నాకు వేరే దారి లేదని ఒప్పుకోవడమూ ధైర్యమే. నాకైతే ఆ రెండోదే ఎక్కువ నచ్చుతుంది.

కామెడీ షోలు చూసి ఏడ్చేవాళ్లు కూడా ఉంటారా? మీరు ఏడ్చారా?
– పేరు రాయని పాఠకురాలు

ఏడ్చానండి, చాలాసార్లు.

1981లో హాలీవుడ్ నటుడు జిమ్మీ స్టూవర్ట్ కార్సన్ పక్కన సోఫాలో కూర్చుని, జేబులోంచి కాగితం తీసి, చచ్చిపోయిన తన కుక్క మీద రాసుకున్న పద్యం చదివాడు. ఆ కుక్క పేరు బో. పెద్దాయన, మాట తడబడుతూ చదువుతున్నాడు. మొదట్లో అన్నీ ఆ కుక్క చేసిన అల్లరి పనులే, పిలిస్తే రాదు, ఇల్లంతా నాశనం చేస్తుంది, జనం పగలబడి నవ్వుతున్నారు. ఆ తర్వాత కుక్క రాత్రిపూట మంచమెక్కి పడుకోవడం దగ్గరికి వస్తాడు. ఇప్పటికీ కొన్ని రాత్రులు అది పక్కనే ఉన్నట్టనిపించి చెయ్యి చాస్తాననీ, అక్కడ ఉండదనీ చదువుతుంటే గొంతు పూడుకుపోయింది. కెమెరా కార్సన్ మీదికి తిరిగితే ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. జనం ఎప్పుడు నవ్వడం మానేశారో కూడా తెలియదు మనకి.

కానీ నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం 2002 అక్టోబర్ 30న డేవిడ్ లెటర్‌మన్ అనే ఇంకో హోస్ట్ చేసిన షో. వారెన్ జెవాన్ అనే పాటగాడు. పెద్ద పెద్ద స్టేడియాలు నింపిన స్టార్ కాదు, అయితే లెటర్‌మన్‌కి అతని పాటలంటే ప్రాణం, ఏళ్ల తరబడి షోకి పిలుస్తూనే ఉన్నాడు. బ్యాండ్ లీడర్ పాల్ షాఫర్ సెలవులో ఉంటే ఆ బాధ్యత కూడా జెవాన్‌కి ఇచ్చేవాళ్లు. ఆ ఏడాది జెవాన్‌కి మీసోథీలియోమా అనే ఊపిరితిత్తుల పొర క్యాన్సర్ బయటపడింది, నయం చేయలేని దశలో. లెటర్‌మన్ ఆ రోజు వేరే గెస్ట్ ఎవర్నీ పెట్టలేదు, గంట మొత్తం జెవాన్‌కే ఇచ్చేశాడు.

చావబోతున్న మనిషిని ఇంటర్వ్యూ చేయడం ఎలా? ఓదార్పు మాటలు మొదలుపెడితే అతనికి ఇబ్బంది, ఏమీ ఎరగనట్టు జోకులేస్తే చూసేవాళ్లకి ఇబ్బంది. లెటర్‌మన్ మామూలుగా, ఇద్దరు పాత స్నేహితులు మాట్లాడుకున్నట్టే, నేరుగా అడిగాడు. ఎలా తెలిసింది, డాక్టర్ ఏమన్నాడు అని. ఇరవై ఏళ్లు డాక్టర్ ముఖం చూడకపోవడం నేను చేసిన వ్యూహాత్మక తప్పేమో అన్నాడు జెవాన్, జనం నవ్వాలా వద్దా తెలియక నవ్వారు. చావు గురించి ఇప్పుడు నీకు తెలిసి, నాకు తెలియనిది ఏమైనా ఉందా అని అడిగితే, తినే ప్రతి శాండ్‌విచ్‌నీ ఎంతగా ఆస్వాదించాలో, అదొక్కటే అన్నట్టు చెప్పాడు. వేదాంతం లేదు, కన్నీళ్లు లేవు. చివర్లో లెటర్‌మన్ కోరిన పాట పాడాడు.

షో అయ్యాక డ్రెస్సింగ్ రూమ్‌లో జెవాన్ తన గిటార్‌ని పెట్టెలో పెట్టి లెటర్‌మన్ చేతికిచ్చి, ఇది నీ దగ్గరుంచు, జాగ్రత్తగా చూసుకో అన్నాడట. అక్కడ తను ఏడ్చేశానని లెటర్‌మనే తర్వాత చెప్పాడు. కెమెరాలు నడిచినంతసేపూ ఆపుకున్నది అక్కడ బయటికి వచ్చిందన్నమాట. జెవాన్ 2003 సెప్టెంబర్ 7న పోయాడు.

మీరు మెచ్చుకునే హోస్ట్‌లు తప్పు చేసిన సందర్భం ఒక్కటీ లేదా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు

ఉందండి. అదీ లెటర్‌మన్‌దే, మీరు అడక్కపోయినా రాసేవాణ్ణి.

బిల్ హిక్స్ అనే స్టాండప్ కమెడియన్ ఉండేవాడు. మతం, రాజకీయం, టీవీ, దేన్నీ వదిలేవాడు కాదు. 1993 అక్టోబర్ 1న లెటర్‌మన్ షోలో ఆరేడు నిమిషాలు చేశాడు, జనం బాగానే నవ్వారు, సంతోషంగా హోటల్‌కి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే కబురొచ్చింది, నీ భాగం మొత్తం తీసేశామని. లెటర్‌మన్ సీబీఎస్ ఛానెల్‌కి మారి అప్పటికి నెలే, కొత్త చోటు, జంకు ఉండి ఉండొచ్చు. అప్పటికే హిక్స్‌కి క్లోమ క్యాన్సర్ ఉంది, ఆ సంగతి ఎక్కువమందికి తెలియదు. తర్వాత ఐదు నెలలు కూడా గడవకుండానే, 1994 ఫిబ్రవరి 26న చనిపోయాడు. వయసు 32.

పదిహేనేళ్లు గడిచాయి. అది అంతటితో మరుగున పడిపోయి ఉంటే లెటర్‌మన్‌ని ఎవరూ అడిగేవాళ్లు కాదు. 2009 జనవరి 30న ఆయన హిక్స్ తల్లిని షోకి పిలిచాడు. ఎదురుగా కూర్చోబెట్టి, ఆ రోజు దాన్ని తీసేసింది నేనే, ఆ నిర్ణయం నాదే అని చెప్పి, లక్షల మంది చూస్తుండగా ఆమెకి క్షమాపణ చెప్పాడు. ఆమె ఊరికే సర్లే బాబూ అని తేలిగ్గా వదిలేయలేదు, ఆ రోజు కొడుకుకి ఎంత కష్టం కలిగిందో నెమ్మదిగా, స్పష్టంగా చెప్పింది. లెటర్‌మన్ తలొంచుకుని విన్నాడు. ఎక్కడా తన్ను తాను సమర్థించుకోలేదు. అప్పుడు ఆ పాత టేపు మొత్తం, ఒక్క ముక్క కోయకుండా వేశాడు. వేశాక, ఇందులో తప్పేముందని తీశానో నాకే అర్థం కావడం లేదు, ఇది హిక్స్ గురించి కంటే నా గురించే ఎక్కువ చెబుతుంది అన్న అర్థంలో మాట్లాడాడు.

నేను ఆ క్లిప్‌లో ఆవిణ్ణే చూస్తుంటాను. చేతులు ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంటుంది. పెద్ద స్టార్ ముందు కూర్చున్నానన్న బెరుకు ఏమాత్రం లేదు. కొడుకు తరపున వినాల్సిన మాట వినడానికి వచ్చిన తల్లి ఆమె.

రాజకీయ నాయకులు ఈ షోలకి రావడం క్లింటన్‌తో మొదలైందా?
– సివిల్స్‌కి చదువుతున్న పాఠకుడు

కాదు. జాన్ కెనెడీ, నిక్సన్ ఇద్దరూ 1960లోనే జాక్ పార్ షోకి వచ్చారు. క్లింటన్ 1992 జూన్ 3న ఆర్సెనియో హాల్ షోలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని శాక్సోఫోన్ వాయించడం అందరికీ గుర్తుండిపోయింది, నాకది బొమ్మగా బాగుంటుంది గానీ అంతకు మించి చెప్పుకునేంత లేదు.

మీరు పరీక్షలకి చదువుతున్నారు కాబట్టి మీకు ఇంకోటి చెప్పాలనుంది. 1968 ఫిబ్రవరిలో కార్సన్ సెలవు తీసుకుని వారం రోజులు తన కుర్చీని హ్యారీ బెలఫాంటేకి అప్పగించాడు. నల్లజాతి గాయకుడు, పౌరహక్కుల పోరాటంలో ముందు వరసలో నిలబడ్డవాడు. ఆ రోజుల్లో అమెరికాలో ఒక నల్లజాతి మనిషి ప్రతి రాత్రీ లక్షల ఇళ్లలోకి హోస్ట్‌గా వెళ్లడం అంటే చిన్న సంగతి కాదు. ఆ వారం గెస్టుల్లో మార్టిన్ లూథర్ కింగ్ ఉన్నాడు, రాబర్ట్ కెనెడీ ఉన్నాడు. కింగ్ నవ్వుతూ జోకులేస్తూ కూర్చున్నాడు, ఆయన్ని అలా చూసినవాళ్లు తక్కువ. రెండు నెలలు తిరిగేసరికి, ఏప్రిల్ 4న, కింగ్‌ని కాల్చేశారు. జూన్‌లో కెనెడీని కాల్చేశారు.

ఇంత విలువైన వారం, అందులో చాలా భాగం ఇప్పుడు మనకి లేదు. అప్పట్లో వీడియో టేపు ఖరీదు ఎక్కువ, రికార్డు చేసినదాని మీదే మళ్లీ రికార్డు చేసి వాడుకునేవాళ్లు. అలా కార్సన్ మొదటి పదేళ్ల షోలు, 1962 నుంచి 1972 వరకు, దాదాపు అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. గొడ్డలి క్లిప్ మిగలడం మన అదృష్టం. పోయిన వాటిలో ఏమేం ఉన్నాయో తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

ఆడవాళ్లకి ఈ కుర్చీ ఎందుకు దక్కలేదు?
– ఇద్దరు స్నేహితురాళ్లు కలిసి రాసిన ఉత్తరం

దక్కించుకున్నావిడ ఉంది, అందుకు చాలా మూల్యం చెల్లించింది. కమెడియన్ జోన్ రివర్స్. 1965లో కార్సన్ షోలో మొదటిసారి చేసింది, ఆ ఒక్క రాత్రితో ఆవిడ దశ తిరిగింది. కార్సన్ సెలవులో ఉన్నప్పుడు షో నడిపే పర్మినెంట్ గెస్ట్ హోస్ట్‌గా 1983లో ఆవిణ్ణే పెట్టారు. 1986లో ఫాక్స్ ఛానెల్ సొంత షో ఇస్తామంటే ఒప్పుకుంది. ఒక నెట్‌వర్క్‌లో లేట్ నైట్ షోకి సొంతంగా హోస్ట్ అయిన మొదటి మహిళ. ఆ సంగతి ముందుగా తనకి చెప్పలేదని కార్సన్‌కి కోపం. ఆవిడ ఫోన్ చేస్తే పెట్టేశాడు, చనిపోయేదాకా మళ్లీ మాట్లాడలేదు. 1987లో ఫాక్స్ ఆవిణ్ణి తీసేసింది, అదే ఏడాది ఆవిడ భర్త ఆత్మహత్య చేసుకున్నాడు.

కార్సన్ అంటే నాకెంత గౌరవమో పైన చదివారు. అయినా ఈ విషయంలో ఆయనది తప్పే అంటాను. తన షోలో పైకొచ్చిన మగవాళ్లు సొంత షోలు పెట్టుకున్నప్పుడు ఇంత శిక్ష ఎవరికీ పడలేదు.

కార్సన్ తర్వాత జే లెనో హయాంలో కూడా ఆ షో ఆవిణ్ణి పిలవలేదు. 2014 ఫిబ్రవరి 17న జిమ్మీ ఫాలన్ టునైట్ షో మొదలుపెట్టిన మొదటి రాత్రి వరసగా వచ్చి పలకరించి వెళ్లిన ప్రముఖుల్లో జోన్ రివర్స్ కనిపించింది, ఆ తర్వాతి నెల పూర్తిస్థాయి గెస్ట్‌గా వచ్చి కూర్చుంది. అప్పటికి ఆవిడకి ఎనభై. అదే ఏడాది సెప్టెంబర్ 4న పోయింది. ఆ సోఫాలో కూర్చున్నప్పటి ఆవిడ ముఖం ఒకసారి చూడండి, నేను వర్ణించలేను.

కొత్తవాళ్లలో ఇలాంటి క్షణాలేమీ లేవా, అన్నీ పాతవేనా?
– ఇంటర్ విద్యార్థిని

ఉన్నాయమ్మా. 2017 మే 1న జిమ్మీ కిమ్మెల్ మోనోలాగ్ మొదలుపెట్టి, పది రోజుల క్రితం తనకి కొడుకు పుట్టాడనీ, పుట్టిన కొన్ని గంటలకి ఒక నర్సు బిడ్డ గుండె చప్పుడులో తేడా గమనించిందనీ, మూడో రోజున గుండె ఆపరేషన్ చేయాల్సి వచ్చిందనీ ఏడుస్తూ చెప్పాడు. చెబుతూ ఆసుపత్రిలో సాయం చేసినవాళ్ల పేర్లు వరసగా చదివాడు. ఆ నర్సు చెవి చురుకుదనం లేకపోతే అన్న ఆలోచన నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇంకోటి చిన్నది, నిమిషం కూడా ఉండదు. 2019 మేలో స్టీఫెన్ కోల్‌బేర్ షోకి సినిమా నటుడు కియాను రీవ్స్ వచ్చాడు. సినిమా కబుర్లు అవుతున్నాయి. ఉన్నట్టుండి కోల్‌బేర్, మనం చచ్చిపోయాక ఏమవుతుందనుకుంటున్నావు అని అడిగాడు, సరదాకే. రీవ్స్ ఊపిరి తీసుకుని, ఒకటి మాత్రం తెలుసు, మనల్ని ప్రేమించినవాళ్లు మనం లేని లోటుతో బాధపడతారు అన్నాడు. కోల్‌బేర్ నోటికి తాళం పడింది. మాట కోసం వెతుక్కోలేదు, జోక్ వేయలేదు, చెయ్యి చాచి కరచాలనం చేశాడంతే. కోల్‌బేర్ పదేళ్ల వయసులో, 1974లో, ఒకే విమాన ప్రమాదంలో తండ్రినీ ఇద్దరన్నల్నీ పోగొట్టుకున్నాడు. అది తెలిసి చూస్తే ఆ మౌనం వేరేగా వినిపిస్తుంది.

ఈ షోల పని అయిపోయినట్టేనా? ఇప్పుడు అందరూ ఫోన్లలో ముక్కలు ముక్కలుగా చూస్తున్నారు కదా.
– ఒక ఐటీ ఉద్యోగి

2025 జులైలో సీబీఎస్ ఒక ప్రకటన చేసింది, కోల్‌బేర్ షో 2026 మేతో ఆఖరు, ఆ స్థానంలో ఇంకొకరు రారు అని. 1993లో లెటర్‌మన్ మొదలుపెట్టిన షో అది. డబ్బు గిట్టడం లేదన్నారు. అమెరికా అధ్యక్షుడి మీద కోల్‌బేర్ వేసే జోకులే కారణమని అనుమానించినవాళ్లూ ఉన్నారు. ఏదైతేనేం, 1992 మే 22న కార్సన్ చివరి షోని సుమారు 5 కోట్ల మంది ఒకేసారి చూశారు, అలాంటి రాత్రి మళ్లీ రాదు. నేను కూడా వీటిలో ఎక్కువ భాగం క్లిపుల్లోనే చూశాను కాబట్టి ఫోన్‌లో చూసేవాళ్లని తప్పుపట్టలేను. ఒకటే మనవి, వీలైతే ముక్క కాకుండా ఆ భాగం మొత్తం వెతికి చూడండి. జెవాన్ శాండ్‌విచ్ మాట ఒక్కటే చూస్తే అది మంచి మాటలా ఉంటుంది, అంతకు ముందు వాళ్లిద్దరి మధ్య ఉన్న ఇరకాటమైన నవ్వులన్నీ చూశాక వింటే మనిషి కదిలిపోతాడు.

మీ ప్రశ్నకి నేరుగా జవాబు నా దగ్గర లేదు, కానీ ఒకటి రెండు సంగతులు రాస్తాను. కార్సన్ రిటైరయ్యాక టీవీకి దాదాపు దూరమైపోయాడు. 1994 మే 13న లెటర్‌మన్ లాస్ ఏంజెలెస్‌లో షో చేస్తుంటే తెర వెనక నుంచి నడిచొచ్చాడు. జనం లేచి నిలబడ్డారు, చప్పట్లు ఆగలేదు. లెటర్‌మన్ తన కుర్చీ చూపించాడు. కార్సన్ వెళ్లి ఆ టేబుల్ వెనక కూర్చున్నాడు. మాట్లాడబోతాడేమో అనిపించింది, చప్పట్లు ఇంకా ఆగలేదు, చుట్టూ ఒకసారి చూసి, లేచి, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్లిపోయాడు. మళ్లీ టీవీలో కనిపించలేదు.

అయితే రాయడం మానలేదు. ఇంట్లో కూర్చుని పొద్దున్నే పేపరు చదివి, తట్టిన జోకులు లెటర్‌మన్‌కి పంపించేవాడు. లెటర్‌మన్ అప్పుడప్పుడూ వాటిని మోనోలాగ్‌లో వాడేవాడు, ఎవరివో జనానికి తెలియదు. 2005 జనవరి 23న కార్సన్ చనిపోయాడు. వారం తర్వాత, జనవరి 31న, లెటర్‌మన్ మామూలుగా వచ్చి మోనోలాగ్ మొదలుపెట్టాడు. నివాళి లేదు, ఫొటో లేదు. ఒకదాని తర్వాత ఒకటి జోకులు చెప్పాడు, జనం ఎప్పటిలాగే నవ్వారు. టేబుల్ దగ్గరికి వచ్చి కూర్చున్నాక చెప్పాడు, ఇందాక మీరు నవ్విన జోకులన్నీ కార్సన్ రాసి పంపినవే అని.